ఇంద్రియానుభవము - భావనాశక్తి: రాయలనాటి కవిత్వము, బళ్ళారి సీమ బాలరచనలు

కవిత్వమునకు కారణమేది యను ప్రశ్నకు మన ఆలంకారికులు పలువిధముల సమాధానములు చెప్పియున్నారు. వానిలో మమ్మటుడు కావ్యప్రకాశమున చెప్పినది క్లుప్తము, సమగ్రము. శక్తి, నిపుణత, అభ్యాసము అను మూడును కలసియే కావ్యమునకు హేతువగునని యాతని మతము. నిపుణత యెట్లు కలుగునన్నచో, లోకమును, శాస్త్రమును, కావ్యమును పరిశీలించుటవలన కలుగునని యాతడే బదులు చెప్పినాడు. ఇచ్చట లోకము మొదట పేర్కొనబడుట గమనింపదగినది. లోకము మానవుని లోనికి కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మము అను నైదు ద్వారములనుండియే ప్రవేశించును. ఇంద్రియములు తెచ్చి యిచ్చిన సామగ్రి లేనిదే శాస్త్రజ్ఞానముగాని, పూర్వకావ్యపరిచయముగాని కవికి చాలదని మమ్మటుని మాటలోనే గర్భితమై యున్నది.

తెలుగు విమర్శలో కవి ఊహకు ప్రాధాన్యము తెచ్చినవారిలో అగ్రగణ్యుడు కట్టమంచి రామలింగారెడ్డి. 1914 లో వెలువడిన కవిత్వతత్త్వవిచారమున ఆయన పింగళి సూరన కావ్యములను పరిశీలించుచు, భావనాశక్తియే కవిత్వమునకు ప్రాణమని నొక్కి చెప్పినాడు. ఆ గ్రంథము తరువాత భావన, ఊహ అను మాటలు తెలుగు విమర్శకుల నాలుకపై నిత్యము ఆడసాగినవి. అయితే ఆ భావన దేనివలన మేల్కొనును? అది పుట్టుకతో వచ్చినవారికే గాని ఇతరులకు లభింపని వరమా? లేక పాఠశాలలో కూర్చున్న పదేండ్ల బాలునియందును దానిని మేల్కొలుపు ఉపాయ మేదైన కలదా? ఈ ప్రశ్నలకు ఇంకను చర్చ చాలదు. ఇంద్రియానుభవమే భావనకు విత్తనమనియు, ఇంద్రియముల నడుగక వ్రాయించిన రచన తెలుగున ఎంత వ్యాకరణశుద్ధముగ నున్నను నిర్జీవమే యనియు నిరూపించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విచారణకు బళ్ళారి సీమకంటె తగిన చోటు అరుదు. రాయలు కొలువుదీర్చిన హంపి, 2021 లో విజయనగర జిల్లా ప్రత్యేకముగ నేర్పడువరకు, బళ్ళారి జిల్లాలోనే యుండెను. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ అను ముగ్గురు నాటకప్రముఖులకు కార్యక్షేత్రము ఈ పట్టణమే. అదే సమయమున ఇది సరిహద్దు సీమ. 1953 అక్టోబరు 1 న ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు పూర్వపు బళ్ళారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరినవి. తక్కినవి మైసూరు రాష్ట్రమున కలిసినవి. బళ్ళారి తాలూకా విషయమున న్యాయమూర్తి మిశ్రా ప్రత్యేకముగ విచారణ జరిపిన పిదప అదియు మైసూరు భాగమే యయ్యెను. నాటినుండి ఇచ్చటి తెలుగు బాలుడు ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము, అంగడిలో ఉర్దూ వినుచు పెరుగుచున్నాడు. మాతృభాషలో ప్రాథమిక విద్య గఱపుటకు వలయు సౌకర్యముల గూర్చి 1956 లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. చదువు చెప్పించుకొను హక్కు కాగితముపై నున్నది. కాని ఆ చదువునుండి తన బ్రతుకును తన మాటలలో చెప్పుకొనగల రచయిత పుట్టునా లేదా అనునది అధికరణములు తేల్చు విషయము కాదు.

ముందుగా రాయల ఆముక్తమాల్యదను పరిశీలింతము. 1509 మొదలు 1529 వరకు విజయనగరము నేలిన కృష్ణదేవరాయలు రచించిన ఈ ఆఱాశ్వాసముల ప్రబంధమున గోదాదేవి కథ ప్రధానము. కళింగయాత్రలో నున్నపుడు కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువు స్వప్నమున కనబడి తెలుగున కావ్యము రచింపుమని ఆనతిచ్చినట్లు కవియే అవతారికలో చెప్పుకొన్నాడు. ఈ కావ్యము ప్రౌఢమని, అన్వయక్లేశము గలదని పండితులు భయపెట్టుట వాడుక. ఆ మాటలో సత్యము లేకపోలేదు. కాని ఆ ప్రౌఢిమను దాటి లోపలికి పోయినవారికి ఇతర ప్రబంధములలో అరుదుగ కనబడు ఒక సంపద లభించును. అది వంటయింటి వాసన, తడికట్టెల పొగ, పొలముగట్టుపై ఆకుకూర, కుంపటి వెచ్చదనము. ఒక చక్రవర్తి ఇంతగా ముక్కుతోను, నాలుకతోను, చర్మముతోను వ్రాసిన కావ్యము మన సాహిత్యమున వేఱొకటి దుర్లభము.

మొదటి ఆశ్వాసమున విష్ణుచిత్తుని అతిథిసత్కారమును వర్ణించుచు రాయలు మూడు ఋతువులకు మూడు భోజనములు పెట్టించినాడు. వానకాలమున వరి యన్నము, ఒలిచిన పప్పు, నాలుగైదు తాలింపు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నెయ్యి. వేసవిలో ముందుగ చందనము పూత. పిదప నులివెచ్చని అన్నము, తియ్యని చారులు, పలుచని అంబలి, చెఱకుపాలు, ఎడనీరు, పండ్లు, పరిమళించు చల్లని నీరు, వడపిందెలు, నీరుమజ్జిగ. చలికాలమున పునుగు పరిమళము గల క్రొత్తబియ్యపు అన్నము, మిరియాలపొడి పట్టించి చుయ్యిమనుచుండగనే వడ్డించు కూరలు, ముక్కు నదరగొట్టు ఆవపచ్చళ్ళు, పాయసము, కాగిన పాలు.

ఈ జాబితాను చూచి ఇది భోజనప్రియుని ముచ్చటయని తేలికగ త్రోసివేయువారు కలరు. వారు రెండు విషయములు గమనింపవలయును. మొదటిది, ఏ ఋతువునకు ఏ యింద్రియము ముఖ్యమో ఆ యింద్రియమునే కవి ముందుకు తెచ్చుట. వేసవి చర్మమునకు సంబంధించినది. అందుచే నోటికన్న ముందు ఒంటికి చందనము. చలికాలము ముక్కునకు, చెవికి సంబంధించినది. పడిసెము పట్టిన ముక్కునకు ఆవఘాటే మందు. చల్లని యింటిలో చుయ్యిమను చప్పుడే వెచ్చదనమునకు ముందు వచ్చు వార్త. చలి యను మాటను విస్తరింపకయే కవి చదువరికి చలి పుట్టించినాడు, ఆ చలిని పోగొట్టినాడు. రెండవది మరింత ముఖ్యము. వానకాలపు పద్యమున తడికట్టెల పొగ ఇల్లాలి కన్నులలోనికి పోకుండుటకై కొబ్బరిచిప్పలు మంటపెట్టి వండించినట్లు కవి చెప్పినాడు. వంటకముల పట్టికలో ఈ చిన్న వివరము లేకున్నచో అది పట్టికగానే మిగిలెడిది. ఆ పొగ ప్రస్తావనతో అది సంసారమైనది. ఆమె కన్ను మండునేమో యను శ్రద్ధ ఆ ఇంటిలో నున్నదని, ఆ యింటి భక్తి అతిథులయెడనే గాక ఆలియెడలను దయగా ప్రవహించుచున్నదని, ఒక్క కొబ్బరిచిప్ప చెప్పుచున్నది. దయ, దాక్షిణ్యము, గృహస్థధర్మము అను మాటలు నూఱు గ్రుమ్మరించినను ఇంత ఫలితము రాదు.

నాలుగవ ఆశ్వాసమందలి వర్షర్తువర్ణన ఈ నేర్పునకు పరాకాష్ఠ. ప్రబంధసంప్రదాయమున వానయనగా మేఘము, మెఱుపు, నెమలి, విరహిణి. రాయలు వానిని విడువలేదు; కాని వానితో తృప్తిపడలేదు. ముసురు పట్టిన పల్లెలో నిప్పుకొఱకు ఇల్లిల్లు తిరుగవలసివచ్చుట, దొరికిన నిప్పు రాజక విసిగించుట ఆయన కంటబడినవి. ముసురులో రెడ్లు గురుగు, చెంచలి, తుమ్మి, తగిరిసాకు, చింతచిగురు కలిపి నూనెతో పొరటి, ఆరుక అన్నముతో తిని, మేకెరువు కుంపటి ప్రక్కన మంచముపై పడుకొను సుఖమును గూడ ఆయన పద్యముగ కట్టినాడు. ఆరుకనే నేటికిని రాయలసీమ పల్లెలలో అరికె యందురు. ఆ ఆకుల పేర్లలో ప్రతిదానికిని ఒక రుచి కలదు. చింతచిగురు పులుపు తగిలిన చోట తక్కిన ఆకుల వగరు తగ్గును. పేర్లు చదువుచుండగనే నోట నీరూరును. అనుభవింపనివాడు ఈ పేర్లు వరుసగ చెప్పలేడు. నిఘంటువు చూచి చెప్పినను ఈ రుచి రాదు.

ఇచ్చట విమర్శకు డాగి ఆలోచింపవలసిన అంశ మొకటి కలదు. కథ జరిగినది ద్రావిడదేశమందలి విల్లిపుత్తూరున. కాని ముసురులో కుంపటి ప్రక్క పడుకొన్న రెడ్డి తెలుగు మెట్టపొలాల రైతు. కథ పాండ్యదేశమున నడచుచున్నను, కవియొక్క ముక్కు, నాలుక తన నేలను విడిచి పోలేదు. దీనిని దేశౌచిత్యభంగమని తప్పుపట్టవచ్చును. కాని భావనాశక్తి పనిచేయు తీరే యిట్టిది. తాను చూడని లోకమును కల్పించుటకు కవి తాను మూచూచిన, రుచిచూచిన, తాకిన వస్తువులనే ఇటుకలుగ వాడుకొనును. విల్లిపుత్తూరు ఊహ, అరికెకూడు అనుభవము. అనుభవము ఊహకు బరువిచ్చి నేలపై నిలిపినది.

మఱియొక సందేహము. సింహాసనముపై కూర్చున్న రాజునకు తడికట్టెల పొగ ఎట్లు తెలిసెను? ఉదయగిరి, కొండవీడు మొదలు కళింగమువరకు సాగిన దండయాత్రలలో ఆయన సంవత్సరముల తరబడి పల్లెల నడుమ శిబిరములలో గడపినాడు. పొగను చూచియుండును, వాసన తెలిసియుండును. కాని తన కన్నుమాత్రమే మండినచో ఆ పద్యము పుట్టెడిది కాదు. పొయ్యిముందు కూర్చున్న ఇల్లాలి కన్ను మండినట్లు తన కన్ను మండవలయును. మమ్మటుడు చెప్పిన లోకపరిశీలన ఇచ్చట ఇంకొక మెట్టు పైకెక్కినది. తన యింద్రియములతో మొదలై, ఎదుటివారి యింద్రియములలోనికి ప్రవేశించుటయే భావన. ఇదియే కవికిని, పట్టికలు వ్రాయువానికిని గల తారతమ్యము.

ఇంద్రియములు సత్యమునే చెప్పవలయునను నియమము కూడ లేదు. విల్లిపుత్తూరు వర్ణనలోనే, పొలపు కాలువలో రెక్కలలో తలదూర్చి నిద్రించు బాతులను చూచి కావలివారు, వేకువ స్నానమునకు వచ్చిన బ్రాహ్మణులు పిండి మఱచిపోయిన ధోవతులని భ్రమపడి, వారి యిండ్లకు చేర్చుదమని రేవు దిగుదురు. బాతులు పరుగెత్తును. వరిచేలకు కాపున్న పడుచులు నవ్వుదురు. భ్రాంతిమదలంకారమునకు ఉదాహరణముగ ఈ పద్యమును చూపుట పండితులకు పరిపాటి. కాని బాలురకు దీనిని వేఱు విధముగ చెప్పవచ్చును. మసక వెలుతురులో కన్ను పొరపడుట అందఱికిని అనుభవమే. ఆ పొరపాటును దిద్దుకొని మఱచిపోవువాడు సామాన్యుడు. దానిని పట్టుకొని కథగ మలచువాడు కవి. కావలివాడు పొరపడుటలో వాని మంచితనము, పడుచుల నవ్వులో ఊరి చనువు బయటపడినవి. కన్ను చేసిన తప్పు ఒక గ్రామమును మన ముందు నిలిపినది.

రాయలకు అంకితమైన మనుచరిత్రలో పెద్దన అనుసరించిన మార్గము వేఱు. పాదలేపము మంచున కరగిపోగా ప్రవరుడు హిమాలయమున దారితెన్ను తెలియక తిరుగాడుచుండును. వరూధిని అతనికి కనబడుటకు ముందు ఒక గాలి వీచును. ఆ గాలిలో కస్తూరి, కర్పూరము కలిసిన తాంబూలపు సువాసన యుండును. ఈ కొండపై ఎవరో మగువ యున్నదని అతడు ముక్కుతో తెలిసికొనును. వినికిడికిని, చూపునకును ఇంకను పని కల్పింపబడలేదు. పెద్దన కంటిని కొంతసేపు మూసియుంచి, ముక్కును ముందు పంపినాడు. దానితో చదువరి ఆమె ఎట్లుండునో తానే ఊహించుకొనక తప్పదు. పిదప ఆమె రూపము వర్ణింపబడినపుడు అది చదువరికి తాను వెదకి కనుగొన్న వస్తువువలె ఇంపగును. ఒక్క యింద్రియమును తెఱచి మఱొక దానిని మూయుటవలన ఊహకు చోటేర్పడునని దీనివలన తేలుచున్నది. ఐదింటిని ఒక్కసారి తెఱచినచో ఊహకు పనియే లేదు.

ఈ మార్గము తరువాతివారికి ఏల అబ్బలేదు? అష్టాదశవర్ణనలు నియమమైన పిమ్మట, కవికి లోకముతో పని తగ్గి పూర్వకావ్యములతో పని పెరిగినది. చంద్రుని చూడకయే చంద్రోదయము, అడవి త్రొక్కకయే మృగయావినోదము వ్రాయుట సులభమైనది. దండి స్వభావోక్తిని అలంకారములలో మొదట నిలిపినాడు. ఉన్నదున్నట్లు చూచి చెప్పుట మొదటి మెట్టని దాని భావము. ఆ మెట్టును దాటివేసి ఉత్ప్రేక్షలపై నెక్కబోయిన ప్రబంధములు అందుచేతనే చదువరిని అలయించుచున్నవి. మమ్మటుని త్రయములో మూడవది మొదటిదానిని మ్రింగినది.

ఇట్టి తగవే బళ్ళారి రంగస్థలమున వేఱు రూపమున నడచినది. పందొమ్మిదవ శతాబ్ది చివర ధర్మవరము రామకృష్ణమాచార్యుల నాటకములతో ఈ పట్టణమున తెలుగు నాటకము వేళ్ళూనెను. సాహిత్యము ఇచ్చటి జనులకు పుస్తకముకన్న ముందు చెవినుండి, కంటినుండి చేరినదన్నమాట. అనంతరము పద్యమును రాగములతో సాగదీసి, వన్స్‌మోరుల కొఱకు పాత్రను మఱచు అలవాటు ఆంధ్రదేశమంతట ప్రబలినది. 1880 మొదలు 1946 వరకు జీవించిన బళ్ళారి రాఘవ దీనిని ప్రతిఘటించి, పాత్రయొక్క మనసులో ఏమి కదలుచున్నదో అదియే కంఠమున, కంటిలో పలుకవలయునని స్వాభావికాభినయమును నిలబెట్టినాడు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలయునన్న ఆయన పట్టుదలయు ఈ స్వాభావికతలోని భాగమే. అరువు తెచ్చుకొన్న రాగమునకును, అనుభవించి పలికిన మాటకును గల భేదము ఆయనకు తెలిసినంత స్పష్టముగ తెలిసినవారు తక్కువ. ఆయన పేర వెలసిన కళామందిరము నేటికిని ఆ పట్టణమున నున్నది. ఆయన రంగస్థలముపై నడిగిన ప్రశ్ననే నేడు పాఠశాలలోని రచనాభ్యాసమును గూర్చి అడుగవలసియున్నది.

తెలుగు పాఠశాలలో వర్షాకాలమును గూర్చి వ్యాసము వ్రాయుమన్నచో సామాన్యముగ వచ్చునది యేమి? ప్రకృతి పులకించును, నెమళ్ళు నాట్యమాడును, నదులు పొంగి పొరలును, రైతులు ఆనందముతో దుక్కి దున్నుదురు. తప్పులు లేవు, మార్కులును వచ్చును. కాని ఆ బాలుడు నెమలి యాడగ చూడలేదు. వాని యిల్లు ఎండకు కాగిన బండరాళ్ళ నడుమ నున్నది. మొదటి చినుకు పడగానే ఆ బండ ఉస్సుమనుట వాడు విన్నాడు; దానినుండి లేచిన ఆవిరి వాని కాళ్ళకు తగిలినది; మట్టివాసన వాని ముక్కున కెక్కినది. సండూరు వైపు వాడైనచో ఇనుపఖనిజపు ఎఱ్ఱదుమ్ము వానకు తడిసి వీధికాలువలో నెత్తురువలె పాఱుట చూచినాడు. ఇవి యేవియు వాని కాగితముపైకి రావు. ఇవి వ్రాయదగినవని వానికి ఎవరును చెప్పలేదు. బండ ఉస్సుమన్నది అని వ్రాసినచో అది వ్యాసభాష కాదని కొట్టివేయుదురేమో యని వాని భయము.

ఈ భయమే సరిహద్దుసీమలో తెలుగు రచనకు మొదటి శత్రువు. తక్కిన ప్రాంతములలోని బాలునికి పుస్తకపు మాట ప్రాణములేనిదైనను, వీధిలో వినిపించు తెలుగు దానికి కొంత ప్రాణము పోయును. బళ్ళారి బాలునికి ఆ యాధారము సగమే. వాని తెలుగు ఇంటిలో, ముఖ్యముగ వంటయింటిలో, అవ్వ మాటలలో నిలిచియున్నది. ఇంద్రియములకు సంబంధించిన పదజాలమంతయు నచ్చటనే కలదు. వగరు, చప్పన, కమురు, నీచు, పచ్చివాసన, మాడువాసన. గరుకు, జిగట, నులివెచ్చన, గోరువెచ్చన. కుతకుత, సలసల, చిటపట, గలగల. ఈ మాటలను పాఠ్యపుస్తకము నేర్పదు. పప్పు ఉడుకుచుండగ, పాలు కాగుచుండగ, తల్లి నోట విని నేర్వవలసినవే. పుస్తకము ప్రకృతి, సౌందర్యము, ఆహ్లాదము అను మాటలను నేర్పును. పుస్తకపు మాటలు మిగిలి వంటయింటి మాటలు పోయిననాడు, తెలుగు చదువుట వచ్చియు తెలుగున ఏమియు చెప్పలేని తరము తయారగును. సరిహద్దున భాష ఇట్లే క్షీణించును. మొదట పోవునవి పెద్దమాటలు కావు, వాసనల పేర్లు, చప్పుళ్ళ పేర్లు.

కన్నడసాంగత్యమువలన తెలుగు చెడునని వగచువారు కలరు. ఆ వగపు ఈ విషయమున అనవసరము. వంటయింటినుండి వచ్చు కమ్మనివాసనను తెలుగువాడు ఘుమఘుమ యనును, కన్నడిగుడు ఘమఘమ యనును. ఒక్క అచ్చు భేదము. కాలువ నీరు తెలుగు చెవికి గలగల యనును, కన్నడపు చెవికి జుళుజుళు అనును. తుంగభద్ర కాలువగట్టున కూర్చున్న బళ్ళారి బాలునికి ఈ రెండు చెవులును గలవు. నీరు రాళ్ళపై పాఱునపుడు గలగల, ఇసుకపై జాఱునపుడు జుళుజుళు అని వాడు భేదము చెప్పగలిగినచో, ఏకభాషావాసికి లేని సూక్ష్మశ్రవణము వానికి అబ్బినట్లే. వాడు బొరుగులను మండక్కి యన్నను, శెనక్కాయను శేంగా యన్నను, తిరగవాతను ఒగ్గరణె యన్నను, ముందు వానిని వ్రాయనీయవలయును. వాసన పట్టుబడిన పిమ్మట దానికి తెలుగు పేరు చెప్పుట ఉపాధ్యాయునకు క్షణకాలపు పని. పేరు నేర్పి వాసన తెప్పించుట ఎవ్వరికిని సాధ్యము కాదు. రాయలే కన్నడసీమ నేలుచు తెలుగున వ్రాసినవాడు. ఆయన కొలువులో పలు భాషల చప్పుళ్ళు వినబడుచుండెడివి. భాషలు చెవిలో కలిసినంత మాత్రమున కలము చెడునన్నచో ఆముక్తమాల్యద పుట్టియుండరాదు.

శిష్టవ్యావహారికమును, గ్రాంథికమును నేర్పుటకే పాఠశాల యున్నదనియు, ఇంటిమాటలకు పాఠశాల యక్కఱ లేదనియు మఱికొందఱు వాదింతురు. ఈ వాదమున న్యాయము కొంత గలదు. ఉన్నతభాష నేర్పని పాఠశాల బాలునికి ద్రోహము చేసినట్లే. కాని క్రమము ముఖ్యము. రాయల కావ్యమున సంస్కృతసమాసముల ప్రక్కనే చెంచలి, తుమ్మి నిలిచియున్నవి. ఆయనకు సమాసము తెలియక తుమ్మి కూర వ్రాయలేదు. తుమ్మి కూర రుచికి సమాసము చాలదని తెలిసి వ్రాసినాడు. ఉన్నతభాష ఇంటిమాటకు శత్రువు కాదని ఆ పద్యములే సాక్ష్యమిచ్చుచున్నవి.

పై మూడు కావ్యసందర్భములనుండి రచనాభ్యాసమునకు పనికివచ్చు మూడు సూత్రములు లభించుచున్నవి. పెద్దన గాలి నేర్పు సూత్రము: కంటిని మొదట మూయుట. బాలురు సహజముగ కనబడినదే వ్రాయుదురు. కనబడినదంతయు అందఱికిని ఒక్కటే. కన్నులు మూసికొని చేతిలో తడిమన్ను పట్టుకొమ్మన్నచో, లేక వేపుచున్న శెనక్కాయల వాసన చూడుమన్నచో, ఒక్కొక్కరికి ఒక్కొక్క జ్ఞాపకము మేల్కొనును. ఒకనికి పొలము, ఒకనికి జాతర, ఇంకొకనికి పరలోకగతురాలైన అవ్వ. కనకదుర్గమ్మ సిడిబండి నాటి సందడిని చూపు లేకుండ చప్పుళ్ళతోను, వాసనలతోను మాత్రమే వ్రాయుమన్నచో, పుస్తకమునుండి అరువు తెచ్చుటకు వానికి వాక్యమే దొరకదు. తనది తాను వ్రాయక తప్పదు. బాతుల పద్యము నేర్పు సూత్రము: ఇంద్రియము పొరపడిన క్షణమును పట్టుకొనుట. చీకటిలో చెట్టును మనిషియనుకొన్న రాత్రి, గాలిచప్పుడును పిలుపనుకొన్న వేళ, ఇవియే కథలకు బీజములు. కొబ్బరిచిప్పల పొగ నేర్పు సూత్రము: ప్రతి వాసనను ఒక మనిషితో ముడిపెట్టుట. పొగ యున్నదని వ్రాసిన బాలుని, ఆ పొగ ఎవరి కంట బడెనని అడుగవలయును. ఆ ప్రశ్నతో వర్ణన కథయగును.

ఈ మూడవ సూత్రమును విడిచి మొదటిదానినే పట్టుకొన్నచో ప్రమాదము కలదు. కంటికి ఒక వాక్యము, చెవికి ఒక వాక్యము, ముక్కునకు ఒక వాక్యము అని లెక్కపెట్టి వ్రాయించినచో అదియు క్రొత్త అష్టాదశవర్ణనయే యగును. పదునెనిమిదికి బదులు ఐదు. ఆ పట్టికలో ప్రాణ ముండదు. ఇంద్రియానుభవము విత్తనమే గాని పంట కాదు. విత్తనమును గుప్పిట పట్టుకొని కూర్చున్నవాడును, విత్తనము లేక దున్నినవాడును ఒక్కరీతిగ నష్టపోవుదురు. ఉన్న అనుభవమునుండి లేనిదానిలోనికి, తన కంటినుండి పరుల కంటిలోనికి నడిపించుటయే ఉపాధ్యాయుని పని, కవి పని.

సరిహద్దు జిల్లాలలోని తెలుగు సంఘములు సభలు జరిపి, పద్యపఠనపోటీలు పెట్టి, భాషాభిమానమును ప్రకటించుట మెచ్చదగినదే. వానితోపాటు చేయవలసిన పని మఱొకటి గలదు. బళ్ళారి, సిరుగుప్ప, హోసపేట ప్రాంతముల ఇండ్లలో ఇంకను వాడుకలోనున్న వాసనల, రుచుల, స్పర్శల, చప్పుళ్ళ పేర్లను ముసలివారి నోటినుండి సేకరింపవలయును. సేకరించువారు బాలురే కావలయును. అడిగినపుడు అవ్వ చెప్పును, చెప్పునపుడు వంట చేసి చూపును, చూచినవాడు మఱచిపోడు. ఆ మాటలతో బాలురు వ్రాసిన రచనలను, వ్యాకరణపు తప్పులు దిద్ది, కాని వాసనలు దిద్దక, ఏటేట అచ్చువేయవలయును. ఇందులకు ధనము పెద్దగ నక్కఱలేదు. వినువారి యోపిక చాలును. గురుగు, చెంచలి, తుమ్మి అను పేర్లు ఐదువందల యేండ్లు నిలిచినది ఒక రాజు వానిని పద్యమున చేర్చినందుననే కాదు. ఈ సీమలో ఎవరో ఒకరు ప్రతి వానకాలమున వానిని కోసి, పేరు చెప్పి, వండుచుండుటవలన కూడ. వండువారు ఇంకను ఉన్నారు. పేరు వ్రాయగల బాలుని తయారుచేయుట తెలుగు పాఠశాల వంతు.